డాల్ఫిన్ షోను ప్యాకేజీలో కలిపి అమ్మకండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల టూర్ ఆపరేటర్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల టూర్ ఆపరేటర్లకు, ట్రావెల్ ఏజెంట్లకు, వేసవి సెలవుల్లో గ్రూప్ టూర్లు నడిపే నిర్వాహకులందరికీ నమస్కారం.

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్ల నుంచి మామూలు కుటుంబాలు విమానమెక్కి పరాయి దేశం చూసి రాగలుగుతున్నాయంటే అందులో మీ శ్రమ ఉంది. పాస్‌పోర్టు ఫారం నింపడం దగ్గర్నుంచి అక్కడ మనవాళ్లకు సాంబారన్నం దొరికేలా చూడటం దాకా మీరు చేసేది చిన్న పని కాదు. ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పి, అసలు విషయానికి వస్తున్నాను.

ఈ వేసవిలో మా అమ్మ, నాయన, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు ఒక ట్రావెల్స్ ద్వారా విదేశీ టూరుకు వెళ్లాం. మాకిచ్చిన కరపత్రంలో మూడో రోజు దగ్గర 'మెరైన్ పార్కు సందర్శన' అని ఒక్క ముక్క ఉంది. తీరా వెళ్తే అది డాల్ఫిన్లతో, సీ లయన్లతో (సీల్ లాంటి సముద్ర జంతువులు) ఆటలాడించే పార్కు. మన దేశంలో డాల్ఫిన్ షో పెట్టడానికి అనుమతే లేదు. ఆ సంగతి బయల్దేరే ముందు గానీ, బస్సులో గానీ, టికెట్టు చేతికిచ్చేటప్పుడు గానీ ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చాక ఆ ట్రావెల్స్‌కు కాగితం మీద రాసిచ్చాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే "అందరూ బాగా ఎంజాయ్ చేశారు సార్, మీ ఒక్కరికే వచ్చిందా ప్రాబ్లం?" అన్నారు. పర్యాటక వ్యవహారాలు చూసే ఒక కార్యాలయానికి వెళ్తే, విదేశంలో జరిగింది మా పరిధిలోకి రాదన్నారు. అందుకని ఈ ఉత్తరాన్ని అందరి ముందూ పెడుతున్నాను. ఆ ట్రావెల్స్ పేరు, పార్కు పేరు, ఆ దేశం పేరు కావాలనే రాయడం లేదు. ఒక్కరి మీద ఫిర్యాదు అయితే మిగిలినవాళ్లంతా మాకు సంబంధం లేదని పక్కకు తప్పుకుంటారు. మన రెండు జిల్లాల్లో నా చేతికొచ్చిన విదేశీ ప్యాకేజీల కరపత్రాల్లో చాలావాటిలో ఇదే వరస కనిపించింది.

నేను రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసే ల్యాబ్ నడుపుతాను. నీళ్లు చూడటమే నా బతుకుదెరువు. ఆ పార్కులో మేం కూర్చున్న మెట్ల దాకా క్లోరిన్ వాసన కొట్టింది. మన దగ్గర రిజర్వాయర్ గుంటలో బ్లీచింగ్ కొట్టాక రోజుల తరబడి ఆగుతాం. ఏరేటర్లు తిప్పుతాం. క్లోరిన్ పూర్తిగా పోయిందని టెస్టులో తేలితే గానీ రొయ్య పిల్లను వదలం. అంత వాసన వచ్చే నీళ్లలో పిల్ల వదిలే రైతు మన జిల్లాలో ఒక్కడు కూడా ఉండడు. డాల్ఫిన్ చేప కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు. దానికి మొప్పలుండవు, తల మీదున్న రంధ్రంతో గాలి పీలుస్తుంది. అందుకే ఆ నీళ్లలో ప్రాణంతో ఉండగలుగుతోంది. కానీ అది గాలి పీల్చేది నీటి పైభాగంలోనే, ఆ వాసన లేచేదీ అక్కడే. దాని కళ్లు రాత్రింబవళ్లు ఆ నీళ్లలోనే ఉంటాయి.

షో జరిగినంతసేపూ స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. డాల్ఫిన్ శబ్దాలు చేసి, అవి తిరిగొచ్చే తీరును బట్టి దారినీ వేటనీ పసిగట్టే జీవి. దానికి చెవే కన్ను. గాల్లోకి ఎగిరినప్పుడల్లా ట్రైనర్ బకెట్లోంచి ఒక చేప తీసి నోట్లో వేస్తాడు. ఆట ఆడితే చేప, చేప కోసం ఆట. ఆ చేప కూడా ఫ్రీజర్లోంచి తీసి కరిగించింది. అలా నిల్వ చేసిన చేపలో బీ1 విటమిన్ తగ్గిపోతుంది కాబట్టి ఇలాంటి పార్కుల్లో విడిగా మాత్రలు కలుపుతారు. అది నవ్వుతోంది చూడండి అని మైకులో పదేపదే చెప్పారు. దాని దవడ పుట్టుకతోనే ఆ ఆకారంలో ఉంటుంది. జబ్బుపడినా, చచ్చిపోయినా అది అలాగే కనిపిస్తుంది.

షో అయ్యాక బాత్రూముల వైపు వెళ్లే దారిలో ఒక పక్క ట్యాంకు ఉంది. మా అమ్మ అక్కడ ఆగింది. లోపల ఒక డాల్ఫిన్ పెద్ద కొలను వైపున్న ఇనుప గేటుకు ముఖం పెట్టి కదలకుండా తేలుతోంది. కింది దవడ కొస గీసుకుపోయి తెల్లగా ఉంది. గేటు కమ్మీల మీద పెయింటు సరిగ్గా ఆ ఎత్తులోనే లేచిపోయింది. మా అమ్మ చాలాసేపు చూసి, "ఏం అబ్బయా, రాత్రిళ్లు కూడా ఇది ఈడనే ఉంటాదా?" అని అడిగింది. ఉంటుందమ్మా అన్నాను. ఆమె సీ లయన్ల షోకు రాలేదు. బస్సు ఆగిన చోట ఎండలో బెంచీ మీద కూర్చుంది.

రొయ్యలు పెంచి అమ్ముకునే జిల్లావాడివి, నీకెందుకీ జాలి అని కొందరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తిండి కోసం పెంచడం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. నాలుగు నెలల్లో పట్టుబడి అయిపోయే రొయ్య వేరు. సముద్రంలో నలభై ఏళ్లకు పైగా బతకగలిగి, రోజుకు పదుల కిలోమీటర్లు ఈది, పిల్లను మూడు నుంచి ఆరేళ్ల దాకా వెంటేసుకుని తిరిగే జంతువు వేరు. దాన్ని తిండికి కూడా కాదు, అరగంట చప్పట్ల కోసం బంధిస్తున్నారు.

ఇది నా ఒక్కడి సెంటిమెంటు కాదు. 1998లో చెన్నై దగ్గర, మహాబలిపురం పోయే దారిలో, ఒక డాల్ఫిన్ పార్కు పెట్టి బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించారు. కొన్ని నెలల్లోనే అవి చచ్చిపోయాయి. తర్వాత కొచ్చి, ముంబై, ఢిల్లీ ప్రాంతాల్లో కొత్తగా పెట్టాలని ప్రతిపాదనలొచ్చాయి. అప్పుడు, 2013 మే 17న, కేంద్ర పర్యావరణ శాఖ కింద పనిచేసే సెంట్రల్ జూ అథారిటీ, డాల్ఫిన్ షోలు నడిపే డాల్ఫినేరియంలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలన్నిటికీ సర్క్యులర్ పంపింది. తెలివిలో, స్పందనలో డాల్ఫిన్లు మిగతా జంతువుల కంటే ఎంతో ముందున్నాయనీ, వినోదం కోసం వాటిని బంధించడం నైతికంగా తగదనీ అందులో ఉంది. సర్కసుల్లో పులి, సింహం, ఎలుగుబంటి, కోతి ఆటలు కూడా 1998 నోటిఫికేషన్‌తో నిషేధించారు. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కసులో పులి లేదని మన ఊళ్లలో ఎవరూ గొడవ చేయలేదు.

మీ వ్యాపారంలోనే పెద్ద పెద్ద సంస్థలు దారి మార్చుకున్నాయి. బంధించిన డాల్ఫిన్లు, తిమింగలాల షోలకు టికెట్లు అమ్మబోమని 2019లో ట్రిప్‌అడ్వైజర్, 2021లో ఎక్స్‌పీడియా ప్రకటించాయి. కెనడా 2019లో, ఫ్రాన్స్ 2021లో, మెక్సికో 2025లో ఇలాంటి షోలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. బ్రిటన్లో 1993 తర్వాత ఒక్క డాల్ఫిన్ షో కూడా లేదు. ప్రపంచంలోని పెద్ద కంపెనీలు వదులుకున్న అమ్మకాన్ని నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒంగోలు కర్నూలు రోడ్డులో మనం ఇంకా పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఏముంది?

ఇందువల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్న నష్టాలివి:

1. డబ్బు. ఈ టూర్లకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చీటీ పాడో, పంట డబ్బు దాచుకునో వచ్చినవాళ్లు. మా గ్రూపులో ఇద్దరు రొయ్యల రైతులున్నారు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు వాళ్లు పడిన టెన్షన్ నాకు తెలుసు. నీళ్ల శాంపిళ్లతో పాటు వాళ్ల కష్టాలు కూడా నా ల్యాబ్‌కే వస్తాయి. అలాంటివాళ్లకు పార్కు టికెట్టు ఎంతో విడిగా చెప్పరు. అంతా కలిపి ఒకే రేటు. వద్దనుకున్నా తగ్గింపు లేదు. మేం షోకు రామంటే "టికెట్టు ముందే బుక్కయింది, రూపాయి కూడా వెనక్కి రాదు" అన్నారు.

2. బస్సులో జరిగే అమ్మకం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పార్కుకు ఇంకా అరగంట ఉందనగా టూర్ మేనేజరు మైకు పట్టుకుని, డాల్ఫిన్‌తో ఈత కొట్టొచ్చు, ముద్దు పెట్టించుకుని ఫోటో దిగొచ్చు, తలకింత అని చెప్పాడు. ముందు సీట్లో పిల్లలు చేతులెత్తారు. ఇక వెనక సీట్లో పిల్లలు ఊరుకుంటారా? ఏ తండ్రయినా పదిమందిలో తన పిల్లలకు లేదనగలడా? డబ్బు అక్కడికక్కడే ఆ దేశపు నోట్లలో వసూలు చేశారు, రసీదు లేదు. తర్వాత సంతకాలకు కాగితాలిచ్చారు. రెండు పేజీల నిండా చిన్న అక్షరాల ఇంగ్లిషు. మా నాయనకు ఇంగ్లిషు రాదు. "ఇక్కడ పెట్టండి పెద్దాయనా, ఊరికే ఫార్మాలిటీ" అన్నారు. నేను తీసుకుని చదివాను. గాయమైనా, ప్రాణం పోయినా పార్కుకు బాధ్యత లేదని ఒప్పుకునే పత్రమది. మా కుటుంబంలో ఎవరం సంతకం పెట్టలేదు, ఎవరం దిగలేదు. మా బస్సులో మిగతా చాలామంది చదవకుండానే పెట్టారు. ప్రమాదమైతే మన ట్రావెల్ ఇన్సూరెన్సు వర్తిస్తుందా అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. ఇంతవరకు చెప్పలేదు.

3. ప్రమాదం. పెరిగిన డాల్ఫిన్ రెండొందల కిలోలు దాటొచ్చు. అది కొరకగలదు, ముట్టెతో గుద్దగలదు. మనుషుల్ని చూసి చూసి అలవాటుపడిన జంతువు కదా అనుకోవడానికి లేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే మన పెద్దవాళ్లలో చాలామంది ఒర్లాండోలో సీవరల్డ్ అనే మెరైన్ పార్కు చూసే ఉంటారు. 2010 ఫిబ్రవరి 24న అక్కడ తిలికుమ్ అనే ఓర్కా (డాల్ఫిన్ కుటుంబంలోనే అన్నిటికంటే పెద్ద జంతువు), ఎన్నో ఏళ్ల అనుభవమున్న తన ట్రైనర్‌ను నీళ్లలోకి లాగి చంపేసింది. 2016 మార్చిలో ఆ సంస్థే ఇక ఓర్కాల సంతతిని పెంచబోమని ప్రకటించింది. రోజూ మేత పెట్టిన మనిషికే రక్షణ లేనప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లవాడికి లైఫ్ జాకెట్ తొడిగి దింపితే ఎవరిది పూచీ?

4. పెద్దవాళ్ల ఇబ్బంది. పైకప్పు సగం మాత్రమే ఉన్న గ్యాలరీ, నిటారు మెట్లు. ఒకసారి కూర్చున్నాక మధ్యలో లేవడానికి వీల్లేకుండా తాడు కట్టారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, షుగరున్నవాళ్లకు వేరే ఏర్పాటు లేదు.

5. పిల్లలకు ఏం నేర్పుతున్నాం అన్నది. మా చిన్నది షో అయ్యాక "నాన్నా, డాల్ఫిన్లు ఏం తింటాయి, ఎక్కడ పుడతాయి?" అని అడిగింది. అంత పెద్ద పార్కులో ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే బోర్డు ఒక్కటి కూడా మాకు కనపడలేదు. బొమ్మల దుకాణాలు మాత్రం ఉన్నాయి. జపాన్‌లోని తైజి అనే ఊళ్లో ఏటా పడవల మీద ఇనుప గొట్టాలు మోగించి, ఆ శబ్దానికి బెదిరిన డాల్ఫిన్ల గుంపుల్ని ఒడ్డున ఒక మూలకు తోలుతారు. పార్కులకు పనికొచ్చే వాటిని ఏరి అమ్ముతారు, మిగిలిన వాటిలో చాలావాటిని మాంసానికి చంపుతారు. మేం చూసిన డాల్ఫిన్ అలా పట్టుకొచ్చిందా, అక్కడే పుట్టిందా? ఈ ప్రశ్న టూర్ మేనేజర్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ జవాబు తెలియకుండా మీరు ఆ టికెట్టు ఎలా అమ్ముతున్నారు?

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనే సేవ ఎలాంటిదో ముందుగా తెలుసుకునే హక్కు కొనేవాడికుంది. పార్కు ఏ దేశంలో ఉన్నా, మీరు డబ్బు తీసుకున్నది నెల్లూరులోనో ఒంగోలులోనో. కాబట్టి మా పరిధి కాదనే మాట మీ విషయంలో చెల్లదు. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. అయినా నా మొదటి ప్రయత్నం మీతో మాట్లాడటమే. మీరు మన ఊరివాళ్లు. రేపు మళ్లీ మా నాయన కాశీకి పోవాలన్నా మీ దగ్గరికే వస్తాడు.

"జనం అడుగుతున్నారు, మేం అమ్ముతున్నాం" అని మీలో ఒకరు నాతో అన్నారు. జనం అడుగుతున్నది సముద్రంలో బతికే జీవుల్ని పిల్లలకు చూపించాలని. అది మంచి కోరికే. దాన్ని తీర్చడానికి మనకున్నంత సదుపాయం ఎంతమందికుంది? మైపాడు, కొత్తపట్నం, పాకల, ఇంత పొడవు తీరం మనది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుకలోకి వస్తాయి. ఒక్కో గూట్లో నూరు గుడ్ల దాకా ఉంటాయి. ఇసుక వేడిని బట్టి లోపల పుట్టేది ఆడదా మగదా అన్నది తేలుతుంది. ఏ పిల్లకైనా ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వేస్తుందో. మన రాష్ట్ర తీరంలో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు ఆ గుడ్లను హేచరీల్లో కాపాడి పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయిన పెద్ద తాబేళ్లు అదే ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది. ఈ రెండూ పిల్లలు చూడాలి. పట్టపుపాలెంలో వల బాగుచేసుకునే ఒక పెద్దాయన పక్కన గంటసేపు కూర్చోబెడితే, సముద్రం గురించి మా పిల్లలు ఆ పార్కులో కంటే ఎక్కువ నేర్చుకుంటారు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే ఉండిన నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గుడ్లు పొదుగుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు వాటిని తరమరు. ఇవన్నీ ఉన్నచోట ఉన్నట్టుగా బతుకుతున్నాయి. ఎవరి ఈల కోసమూ గెంతడం లేదు.

కాబట్టి నేను కోరుతున్నవి:

1. డాల్ఫిన్లు, తిమింగలాలు, సీ లయన్లతో ఆటలాడించే షోలను, వాటితో ఈత, ఫోటో కార్యక్రమాలను మీ ప్యాకేజీల నుంచి తీసేయండి. ఇదే నా ప్రధానమైన డిమాండు. మిగతావన్నీ ఇది జరిగేదాకా చేయాల్సినవి.

2. అప్పటిదాకా, కరపత్రంలో 'మెరైన్ పార్కు' అని సరిపెట్టకుండా, అక్కడ ఏ జంతువులతో ఏం చేయిస్తారో, మన దేశంలో డాల్ఫిన్ షోకు అనుమతి లేదన్న సంగతి, తెలుగులో స్పష్టంగా అచ్చువేయండి.

3. పార్కు టికెట్టు ధర విడిగా చూపించండి. వద్దన్నవాళ్లకు ఆ మొత్తం తగ్గించండి. ఆ పూట వాళ్లు కూర్చోవడానికో, తిరగడానికో వేరే చోటు ఏర్పాటు చేయండి.

4. బస్సులో మైకు పెట్టి అమ్మడం ఆపండి. ఏ అదనపు కార్యక్రమమైనా బయల్దేరే ముందే రాతపూర్వకంగా, రసీదుతో ఉండాలి. సంతకం పెట్టించే ప్రతి కాగితానికీ తెలుగు అనువాదం ఇవ్వండి. ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో దాని మీదే రాయండి.

5. జంతువులున్న ఏ చోటుకు తీసుకెళ్లినా, అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆ పార్కు నుంచి రాతపూర్వకంగా తెప్పించి, అడిగినవాళ్లకు చూపించండి. పార్కు చెప్పనంటే ఆ చోటు మీ జాబితాలో ఉండకూడదు.

6. మన తీరం చూపించే ఒకటి రెండు రోజుల కుటుంబ యాత్రలు మొదలుపెట్టండి. తాబేళ్ల దగ్గరికి వెళ్లేది అటవీశాఖ అనుమతితో, వాళ్లు చెప్పిన దూరంలో, లైట్లు వేయకుండా ఉండాలి. మత్స్యకార యువకులనే గైడ్లుగా పెట్టుకుని తగిన కూలి ఇవ్వండి. నీటి గురించి, రొయ్యల సాగు గురించి పిల్లలకు చెప్పడానికి నా ల్యాబ్ తలుపులు తెరిచే ఉంటాయి. దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

విహారయాత్రలకు పిల్లల్ని తీసుకెళ్లే ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలకు, తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. టూరు బుక్ చేసేటప్పుడు హోటల్ ఏసీయేనా, భోజనం మనదేనా అని అడుగుతున్నాం కదా. అక్కడే ఇంకొకటి అడగండి: జంతువులతో ఆటలాడించే షో ఇందులో ఉందా? నలుగురు అడిగితే కరపత్రం మారుతుంది.

సంక్రాంతి సెలవుల టూర్లకు మీ కొత్త కరపత్రాలు త్వరలో ప్రెస్సుకు వెళ్తాయి. అవి అచ్చయ్యేలోపు, ఈ ఆరు అంశాల్లో ఏవి ఒప్పుకుంటున్నారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో మీ సంఘాల తరఫున బహిరంగంగానే జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆక్వా ల్యాబ్ నిర్వాహకుడు, ఇద్దరు పిల్లల తండ్రి,
నెల్లూరు.